యాసంగి ఆట

తెలుగిళ్లలో ఫాల్, స్ప్రింగ్ అన్న రెండు ఇంగ్లీషు మాటలకు ఋతువులతో సంబంధం తెగిపోయి చాలాకాలమైంది. ఫాల్ అంటే ఆగస్టులో విమానమెక్కే పిల్లలు. స్ప్రింగ్ అంటే అప్పటికి సీటు రాకనో, వీసా కుదరకనో జనవరి దాకా ఆగిన పిల్లలు. మేముండే ఆరాంఘర్ మీదుగానే ఈ ప్రయాణాలన్నీ సాగుతాయి. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయం తెరిచారు. 2009 అక్టోబరులో మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పదకొండున్నర కిలోమీటర్ల పైవంతెన తెరిచారు. అప్పటినుంచి అమెరికా పోయే నగరం సగం ఆ వంతెన మీదుగా వచ్చి మా చౌరస్తా దగ్గర నేలకు దిగుతుంది. అలా ఆగస్టులో పోయినవాళ్లలో చాలామంది అక్కడ మొదటి సెమిస్టరులోనే ఒక వింత చూస్తారు. శనివారం వచ్చేసరికి ఊరు ఊరంతా ఒకే రంగు చొక్కాలు తొడుక్కుని, డెబ్బైవేలమందో ఎనభైవేలమందో ఒక్క మైదానంలోకి నడిచిపోతారు. జనవరిలో దిగినవాళ్లకు ఆ వింత కనబడదు. మైదానం ఉంటుంది, ఆట ఉండదు.

ఆ ఖాళీ మైదానంలో ఇంకో పంట పండించాలని నలభై ఏళ్లకు పైగా కొందరు చేస్తూ వచ్చిన ప్రయత్నాల చరిత్ర ఈ టపా. అమెరికాలో ఉన్న బ్లాగ్మిత్రులు ఆ ఆటను నాకన్నా దగ్గరగా చూసి ఉంటారు. అయితే ఈ కథకు హైదరాబాదులో రెండు కొమ్మలున్నాయి. నా ఆసక్తి అంతా వాటి మీద. వాటి దగ్గరికి చేరాలంటే ముందు చెట్టు మొదలు చూడాలి.

అమెరికన్ ఫుట్‌బాల్ అన్నది పేరుకే పాదంతో ఆడే ఆట. కోడిగుడ్డు ఆకారపు బంతిని చేత్తో విసురుతూ, చంకలో ఇరికించుకుని పరుగెత్తుతూ, అడ్డమొచ్చినవాణ్ణి పడదోస్తూ గజాల లెక్కన నేల ఆక్రమించుకునే యుద్ధం అది. దానికి అక్కడ వారంలో వంతులున్నాయి. శుక్రవారం రాత్రి బడిపిల్లలది, శనివారం కాలేజీలది, ఆదివారం ఎన్.ఎఫ్.ఎల్ అనే నేషనల్ ఫుట్‌బాల్ లీగుది. ఈ వంతుల్లో కొంతభాగం చట్టంలో కూడా ఉంది. 1961లో అమెరికా కాంగ్రెసు చేసిన క్రీడాప్రసారాల చట్టం, జట్లన్నీ కలిసి టెలివిజను హక్కులను మూకుమ్మడిగా అమ్ముకోవడానికి వృత్తి లీగులకు వీలు కల్పించింది. అందుకు బదులుగా సెప్టెంబరు రెండో శుక్రవారం నుంచి డిసెంబరు రెండో శనివారం దాకా శుక్రవారపు సాయంత్రాలనూ శనివారాలనూ బడులకూ కాలేజీలకూ వదిలిపెట్టమంది. ఈ సంత అంతా ఫిబ్రవరి రెండోవారానికి ముగుస్తుంది. ఆ తరవాత ఆరునెలలు మైదానాలు ఖాళీ.

మా పక్కనే రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం, వరి పరిశోధన కేంద్రం ఉన్నాయి కనుక నాకు ఈ విషయం ఎప్పుడూ పొలం భాషలోనే తోస్తుంది. ఫాల్ వానాకాలపు పంట, స్ప్రింగ్ యాసంగి. యాసంగికి నేల ఉంటే చాలదు, నీళ్లుండాలి. ఆ నీళ్లు ఎవరి బావిలోవన్నది తరవాతి ప్రశ్న.

పొలం మాట నా సొంతమేమీ కాదు. బేస్‌బాల్‌లో చిన్న లీగులను అమెరికావాళ్లు పొలాలనే అన్నారు. 1920లలో సెయింట్ లూయిస్ కార్డినల్స్ జట్టు నడిపిన బ్రాంచ్ రికీ, ఆటగాళ్లను సంతలో కొనడం కన్నా చిన్న ఊళ్ల జట్లను చేతిలో పెట్టుకుని తామే పెంచుకోవడం చవక అని కనిపెట్టాడు. మన భాషలో అది నారుమడి. అక్కడ పోసిన నారు పెరిగాక పెద్ద పొలంలో నాటుకుంటారు. నారుమడి ఖర్చు పెద్దరైతుదే.

ఫుట్‌బాల్‌కు అలాంటి నారుమడి లేదు, ఉండవలసిన అగత్యమూ లేకపోయింది. కాలేజీలే దాని నారుమడి. బడి ముగిసి మూడేళ్లు గడిస్తే తప్ప ఎన్.ఎఫ్.ఎల్ ఎవరినీ తీసుకోదు. ఆ మూడేళ్లూ పిల్లవాడికి తిండి, శిక్షణ, వైద్యం, పేరు అన్నీ కాలేజీ పెట్టుబడితోనే అమరుతాయి. పెద్దరైతు వచ్చి ఏటా రెండువందల యాభైమందికి పైగా ఏరుకుని పోతాడు. నారుమడికి ఒక్క డాలరు కౌలు కట్టనక్కరలేదు. ప్రపంచంలో ఇంతకంటే లాభసాటి సేద్యం నేనెరగను. "వసంతంలో ఒక చిన్న లీగు పెడతాం, మీకు ఆటగాళ్లను తయారుచేసి ఇస్తాం, కాస్త పెట్టుబడి పెట్టండి" అని ఎవరైనా అడిగితే ఎన్.ఎఫ్.ఎల్ యజమానుల ముఖం ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

మరి అవసరం ఎవరిది? మిగిలిపోయిన నారుది. లెక్క చూడండి. వేసవిలో ఒక్కొక్క జట్టు 90 మందిని పిలుస్తుంది. ఆగస్టు చివర ఆ సంఖ్యను 53కు దించాలి. 32 జట్లు, జట్టుకు 37 మంది, వెరసి 1,184 మంది కొద్దిరోజుల్లో ఇంటికి. జట్టుకు 16 మంది చొప్పున సాధన బృందంలో మళ్లీ చేర్చుకున్నా, ఆరువందల డెబ్బై దాకా మిగులుతారు. ఇరవైరెండు, ఇరవైమూడేళ్ల వయసు. పదిహేనేళ్లుగా ఇంకే పనీ నేర్చుకోని శరీరాలు. కాలేజీకి తిరిగిపోయి ఆడే వీలు లేదు. కెనడా లీగులో విదేశీయులకు చోట్లు పరిమితం. వసంతపు లీగు కావాలన్న కోరిక వ్యాపారులది కాకముందు వీళ్లది. ఈ సంగతి ఆ లీగుల చరిత్ర రాసినవాళ్లు కొంచెం తక్కువగా చెబుతారని నా ఫిర్యాదు.

న్యూ ఆర్లీన్స్‌లో కళావస్తువుల వర్తకుడు డేవిడ్ డిక్సన్ ఈ ఆలోచనను 1960ల నుంచి మోసుకు తిరిగాడు. ఆ నగరానికి సూపర్‌డోమ్ అనే మహా మైదానం రావడానికి పట్టుబట్టిన మనిషి. ఆయన పథకం పొదుపరి ఇల్లాలి పద్దులా ఉంటుంది. ఎన్.ఎఫ్.ఎల్ ఆడని నెలల్లో ఆడాలి, జీతాలకు హద్దు పెట్టాలి, ఒక్కొక్క జట్టూ తన చుట్టుపక్కల కాలేజీల పిల్లలనే తీసుకోవాలి, మొదటి కొన్నేళ్లు నష్టాన్ని ఓర్చుకోవాలి. 1982 మేలో యునైటెడ్ స్టేట్స్ ఫుట్‌బాల్ లీగు పేరు ప్రకటించారు. 1983 మార్చిలో 12 జట్లతో ఆట మొదలైంది. సగటున ఆటకు 25 వేలకు దగ్గరగా జనం వచ్చారు. జూలై 17న మిషిగన్ పాంథర్స్ 24-22తో ఫిలడెల్ఫియా స్టార్స్‌ను ఓడించి తొలి విజేత అయింది. అంటే యాసంగి పంట పండింది.

పండిందన్న సంతోషమే కొంప ముంచింది. నిజానికి మొదటి బంతి విసరకముందే డిక్సన్ పద్దు చిరిగిపోయింది. అంతకుముందు ఏడాది కాలేజీ ఆటలో అత్యుత్తముడిగా హైస్మన్ బహుమతి అందుకున్న హెర్షెల్ వాకర్, చదువు పూర్తికాకుండానే న్యూజెర్సీ జనరల్స్‌లో చేరాడు. అలా చేర్చుకోకూడదన్నది లీగు తానే పెట్టుకున్న నియమం. 1984లో స్టీవ్ యంగ్‌తో లాస్ ఏంజెలెస్ జట్టు నాలుగు కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. అందులో ఎక్కువభాగం దశాబ్దాల తరబడి చెల్లించే వాయిదాలే అనుకోండి. జట్లు 12 నుంచి 18కి పెరిగాయి. కొత్త జట్ల ప్రవేశరుసుముతో పాత జట్ల దీపాలు వెలిగించుకునే స్థితి. ఈ పోకడ చూసి డిక్సన్ తన హక్కు అమ్ముకుని ముందే తప్పుకున్నాడు. గట్టుమీద కూర్చుని చూసిన ఆయన బాధ ఎవరైనా కథగా రాయదగ్గది.

1983 ఆట ముగిశాక న్యూజెర్సీ జట్టును డొనాల్డ్ ట్రంప్ అనే భవనాల వ్యాపారి కొన్నాడు. అవును, ఆయనే. వసంతం చిన్నవాళ్ల ఋతువనీ, ఫాల్‌కు మారి ఎన్.ఎఫ్.ఎల్‌తో నేరుగా తలపడాలనీ ఆయన వాదం. తలపడితే వాళ్లు కొన్ని జట్లనైనా తమలో కలుపుకుంటారన్నది లోపలి ఆశ అని తోటి యజమానులే అన్నారు. టాంపా బే జట్టు యజమాని జాన్ బాసెట్ ఎదురు నిలిచాడు. ఆయన అప్పటికే కాన్సరుతో పోరాడుతున్నాడు, 1986 మేలో చనిపోయాడు. 1984 ఆగస్టులో యజమానులు 1986 నుంచి ఫాల్‌కు మారాలని తీర్మానించారు. దాంతో ఎన్.ఎఫ్.ఎల్ జట్టున్న ఊళ్లలోని జట్లు చెల్లాచెదురయ్యాయి. మొదటి విజేత మిషిగన్, ఓక్లండ్ జట్టులో కలిసిపోయింది. ఫిలడెల్ఫియా స్టార్స్ బాల్టిమోర్‌కు తరలింది. అయితే బాల్టిమోర్ మైదానం వసంతంలో బేస్‌బాల్ సొత్తు. అందుచేత బాల్టిమోర్ స్టార్స్ తన సొంత ఆటలను వేరే ఊళ్లో, కాలేజ్ పార్కులోని విశ్వవిద్యాలయ మైదానంలో ఆడుకుంది. అయినా 1985లో అదే గెలిచింది. ఊరిపేరు చొక్కా మీద ఉండి, ఊరు కాళ్లకింద లేకపోవడం. ఈ జబ్బును గుర్తుంచుకోండి, మళ్లీ మళ్లీ వస్తుంది.

ఫాల్‌లో ఆడటానికి టెలివిజను సంస్థలేవీ ముందుకు రాలేదు. అవన్నీ ఎన్.ఎఫ్.ఎల్‌తో కట్టుబడి ఉన్నాయి. లీగు గుత్తాధిపత్య చట్టం కింద దావా వేసింది. 1986 జూలై 29న ఆరుగురు జ్యూరీ సభ్యులు తీర్పు చెప్పారు. ఎన్.ఎఫ్.ఎల్ గుత్తాధిపత్యం చేసిన మాట నిజమే, నష్టపరిహారం ఒక డాలరు. ఆ చట్టం ప్రకారం పరిహారం మూడింతలు గనక మూడు డాలర్లు. వడ్డీతో కలిపి 1990లో అందిన చెక్కు మూడు డాలర్ల డెబ్బైయారు సెంట్లు. ఆ లీగు ఫాల్‌లో ఒక్క ఆట కూడా ఆడలేదు. తీర్పులో వెటకారం ఉందని చాలామంది అంటారు. నాకు మాత్రం న్యాయమే కనిపిస్తుంది. పెద్దరైతు బావికి తాళం వేసినమాట నిజమే. అయితే తన యాసంగి మడిని తానే దున్నేసుకున్నవాడికి దానికి మించిన పరిహారం ఏముంటుంది?

తరవాతి ప్రయత్నం పెద్దరైతుదే. 1991లో ఎన్.ఎఫ్.ఎల్ స్వయంగా వరల్డ్ లీగును పెట్టింది. పది జట్లలో మూడు ఐరోపావి. జూన్ 9న వెంబ్లీలో అరవైవేలమందికి పైగా చూస్తుండగా లండన్ మోనార్క్స్ 21-0తో బార్సిలోనాను ఓడించింది. రెండేళ్లకే ఆపేశారు, 1995లో ఐరోపాలో మాత్రమే మళ్లీ మొదలుపెట్టారు. నిజమైన నారుమడి అంటే ఇదే. ఎన్.ఎఫ్.ఎల్ జట్లు తమ కుర్రాళ్లను వసంతంలో పంపి, పదును పెట్టించుకుని వెనక్కి తెచ్చుకునేవి. 1994లో అయోవాలో ఒక కిరాణా దుకాణంలో అరలు సర్దిన కర్ట్ వార్నర్, లోపలి మైదానాల్లో ఆడే అరీనా లీగు మీదుగా 1998లో ఆమ్‌స్టర్‌డామ్ చేరాడు. 2000 జనవరిలో సూపర్ బౌల్ గెలిచి అందులో ఉత్తమ ఆటగాడయ్యాడు. ఒక్క వార్నర్‌తోనే ఆ లీగు పెట్టుబడి తీరిపోయిందని నాబోటివాడు అనుకుంటాడు. లెక్కలు చూసేవాళ్లు అలా అనుకోరు. ఏటా మూడుకోట్ల డాలర్ల నష్టమని చెబుతూ 2007 జూన్ 29న మూసేశారు. అప్పటికి మిగిలిన ఆరు జట్లలో ఐదు జర్మనీవి. నాలుగునెలలు తిరక్కుండా, అక్టోబరులో, ఎన్.ఎఫ్.ఎల్ తన అసలు పోటీలో ఒక ఆటను లండన్ తీసుకుపోయి వెంబ్లీ నింపేసింది. నారుమడి పెంచడం కన్నా బియ్యం బస్తా ఓడలో పంపడం చవక.

ఆ తరవాతి సంగతులు త్వరగా చెప్పేయవచ్చు. 2001లో కుస్తీల వ్యాపారి విన్స్ మెక్‌మాన్ ఎన్.బి.సి. తో కలిసి పెట్టిన ఎక్స్.ఎఫ్.ఎల్ ఒకే ఏడు బతికింది. 2019 ఫిబ్రవరి 9న మొదలైన అలయెన్స్ లీగు ఎన్.ఎఫ్.ఎల్ సాధన బృందాల్లోని కుర్రాళ్లను అరువడిగింది. ఆటగాళ్ల సంఘం సమ్మతించలేదు. ఎనిమిది వారాలకే ఏప్రిల్ 2న ఆట ఆగిపోయింది, కొందరు ఆటగాళ్లు హోటలు గదుల బిల్లులతో నడివీధిలో నిలబడ్డారు. 2020లో మెక్‌మాన్ మళ్లీ వచ్చాడు, ఐదు వారాలకు కోవిడ్ వచ్చింది. దివాలా తీసిన ఆ లీగును నటుడు డ్వేన్ జాన్సన్ బృందం కోటీ యాభై లక్షల డాలర్లకు కొని 2023లో నడిపింది. ఫాక్స్ టెలివిజను 2022లో పాత యునైటెడ్ స్టేట్స్ లీగు పేరును మళ్లీ బతికించింది. ఎనిమిది ఊళ్ల పేర్లు, ప్లేఆఫ్‌లకు ముందు ఆటలన్నీ ఆడింది మాత్రం అలబామాలోని బర్మింగ్‌హామ్ ఒక్కచోటే. ఆ ఏడు గెలిచింది బర్మింగ్‌హామ్ జట్టే. కాళ్లకింద సొంత నేల ఉన్నది దానికొక్కదానికే మరి. రెండు లీగులూ కలిసి 2024 మార్చి 30న ఎనిమిది జట్ల యునైటెడ్ ఫుట్‌బాల్ లీగయ్యాయి.

ఇక్కడ మనవాళ్లకు నచ్చే మనిషి ఒకడున్నాడు. బ్రాండన్ ఆబ్రీ. నిజమైన ఫుట్‌బాల్, అంటే సాకర్, ఆడి టొరంటో జట్టుకు ఎంపికై, అక్కడ నిలదొక్కుకోలేక, సాఫ్ట్‌వేరు ఇంజనీరు ఉద్యోగంలో చేరాడు. ఒకనాడు టీవీలో ఎన్.ఎఫ్.ఎల్ ఆట చూస్తూ, ఆ తన్నడం నువ్వూ తన్నగలవని భార్య అన్నది. కొన్నేళ్లు సాధన చేశాడు. 2022, 2023 వసంతాల్లో బర్మింగ్‌హామ్‌కు ఆడి, 2023లో డల్లస్ కౌబాయ్స్‌లో చేరి, మొదటి 35 ఫీల్డ్ గోళ్లూ తప్పకుండా కొట్టి రికార్డు పెట్టాడు. వసంతపు లీగు లేకపోతే అతను ఇప్పటికీ ఎక్కడో కోడు సరిచేసుకుంటూ ఉండేవాడు. అయితే మిగతావాళ్ల లెక్క కూడా చెప్పాలి. 2024లో ఆ లీగులో వారం జీతం 5,500 డాలర్లు, పదివారాల ఆట. అదే ఏడు ఎన్.ఎఫ్.ఎల్‌లో కొత్తవాడి కనీస జీతం 7,95,000 డాలర్లు.

ఇప్పుడు హైదరాబాదు.

2007లో ఇదే నాటకం మనదగ్గర క్రికెట్ వేషం కట్టుకుంది. క్రికెట్ ప్రసారహక్కుల వేలాల్లో దెబ్బతిన్న జీ సంస్థ అధినేత సుభాష్ చంద్ర ఏప్రిల్‌లో ఇండియన్ క్రికెట్ లీగు ప్రకటించాడు. ముందుకు కపిల్ దేవ్‌ను నిలబెట్టారు. చెప్పిన మాట నారుమడి మాటే. భారత జట్టుకు కొత్త ప్రతిభను పెంచి ఇస్తాం అని. క్రికెట్ బోర్డు దాన్ని నారుమడిగా చూడలేదు, ఆక్రమణగా చూసింది. కపిల్‌ను జాతీయ అకాడమీ పదవి నుంచి తప్పించింది, చేరిన ఆటగాళ్లకు తలుపులు మూసేసింది, తన మైదానాలు ఇవ్వనన్నది. రైల్వే మంత్రి లాలూ ప్రసాద్ యాదవ్ రైల్వే మైదానాలు ఇస్తానని ముందుకొచ్చాడు. ఆ ఏడు నవంబరు చివర మొదలైన తొలి పోటీలో హైదరాబాద్ హీరోస్ సహా ఆరు జట్లూ ఆడింది హర్యానాలోని పంచకులలో. బాల్టిమోర్ స్టార్స్ గుర్తొచ్చారా?

హైదరాబాదులో మాత్రం బోర్డు చేతికి చిక్కని మైదానం ఒకటుంది. లాల్ బహాదుర్ స్టేడియం రాష్ట్ర ప్రభుత్వ క్రీడాసంస్థది. ఉప్పల్ తలుపు మూసినా, నగరం నడిబొడ్డున ఈ తలుపు తెరుచుకుంది. 2008 వసంతంలో ఆ లీగు అక్కడ ఆడింది. ఏప్రిల్‌లో హైదరాబాద్ హీరోస్ లాహోర్ బాద్షాస్‌ను ఓడించి కప్పు గెలిచింది. అది జరిగిన కొద్దిరోజులకే, ఏప్రిల్ 18న, ఐపీఎల్ మొదలైంది. హైదరాబాదు పేరుమీద డెక్కన్ ఛార్జర్స్ దిగింది, నగరం ఆ హోరులో మునిగిపోయింది. నగరానికి మొట్టమొదటి ట్వంటీ ట్వంటీ లీగు కప్పు తెచ్చిన జట్టు ఏదని ఈనాడు అడిగితే ఎంతమంది సరిగా చెబుతారో నాకు అనుమానమే.

ఆ హీరోస్‌లో అంబటి రాయుడు ఉన్నాడు. 1985లో గుంటూరులో పుట్టినవాడు. 2002లో రంజీ పోటీలో హైదరాబాదు తరఫున ఆంధ్ర మీద ఒకే ఆటలో డబుల్ సెంచరీ, సెంచరీ కొట్టాడు. అప్పటికి పదిహేడేళ్లు. 2004లో భారత కుర్రాళ్ల జట్టుకు ప్రపంచకప్పులో నాయకుడు. ఇరవైరెండేళ్లు నిండకముందే ఈ లీగులో చేరాడు. అమెరికాలో ఆగస్టు చివర ఇంటికి పంపిన కుర్రాళ్ల వయసు అదే. తేడా ఒక్కటే. వాళ్లను పెద్ద లీగు వద్దనుకుంటే వాళ్లు చిన్న లీగుకు పోయారు. ఇతను చిన్న లీగుకు పోయినందుకు పెద్దవాళ్లు వద్దనుకున్నారు. 2009లో బోర్డు క్షమాభిక్ష ప్రకటించాక తిరిగివచ్చాడు. 2010లో ముంబయి ఇండియన్స్‌లో చేరాడు. భారత జట్టు టోపీ అందింది 2013 జూలైలో, జింబాబ్వేలో. ఇరవైయేడేళ్లు దాటాక. అతనిది దూకుడు స్వభావం అంటారు, స్థానిక క్రికెట్ రాజకీయాలు అంటారు. అవన్నీ ఉండవచ్చు. కానీ బ్యాట్స్‌మన్ జీవితంలో ఇరవైరెండు నుంచి ఇరవైనాలుగు దాకా గడిచే ఏళ్లను ఏ క్షమాభిక్షా తిరిగి ఇవ్వలేదు. రాయుడు తిరిగి వచ్చాడు కనుక మనకు తెలుసు. అతనితో పాటు ఆ చొక్కా తొడుక్కున్న హైదరాబాదు రంజీ కుర్రాళ్లలో చాలామంది పేర్లు ఇప్పుడు స్కోరుకార్డుల్లోనే ఉన్నాయి.

రెండు దేశాల కథల్లోనూ నాకు ఒకటే కనబడుతోంది. యాసంగి మడి ఎండిపోతుంది, అందులోని విత్తనాన్ని మాత్రం పెద్దరైతు గాదెలో పోసుకుంటాడు. ఊరి పేర్ల జట్లు, విదేశీ ఆటగాళ్లు, సాయంకాలపు మూడుగంటల ఆట, వీటిని దేశంలో మొదట నడిపి చూపింది ఇండియన్ క్రికెట్ లీగు. నడిపి బాగుపడింది ఐపీఎల్. (లలిత్ మోదీకి ఈ ఆలోచన 1990ల నుంచీ ఉందని అంటారు, నిజమే కావచ్చు. అయితే బోర్డు కదిలింది ఎదురుగా ఒకడు నిలబడ్డాకే.) ఎక్స్.ఎఫ్.ఎల్ 2020లో పరీక్షించిన ఆరంభపు తన్ను పద్ధతి నమూనాగానే ఎన్.ఎఫ్.ఎల్ 2024లో తన నియమం మార్చుకుంది. పాత యునైటెడ్ స్టేట్స్ లీగు 1985లోనే శిక్షకుడు అడిగితే వీడియో చూసి తీర్పు సరిచూసే ఏర్పాటు చేసింది. ఇవాళ అది ప్రతి ఆటలోనూ ఉంది. ఆటగాళ్లను కూడా అంతే, పనికొచ్చిన నాలుగు మొక్కలు పీక్కుపోయి నాటుకున్నారు.

రెండో కొమ్మ ఇంకా విచిత్రమైనది. 2011లో ఎలైట్ ఫుట్‌బాల్ లీగ్ ఆఫ్ ఇండియా అన్న పేరుతో అమెరికన్ ఫుట్‌బాల్‌నే భారతదేశంలో నాటబోయారు. పెట్టుబడి పెట్టినవాళ్లలో మైక్ డిట్కా, మైకేల్ అర్విన్, నటుడు మార్క్ వాల్‌బర్గ్ ఉన్నారు. భారతీయ మూలాలున్న ఎన్.ఎఫ్.ఎల్ ఆటగాడు బ్రాండన్ చిల్లర్ ఉన్నాడు. మన కిరాణా దుకాణం కర్ట్ వార్నర్ కూడా ఉన్నాడు. నారుమడి విలువ ఒంటిమీద అనుభవించినవాడు కనుక అతని పేరు ఆ జాబితాలో చూసి నాకు ఆశ్చర్యం కలగలేదు. పుణె మరాఠాస్, ఢిల్లీ డిఫెండర్స్, కొలంబో లయన్స్, ఇంకా మరికొన్ని. వాటిలో ఒకటి మనది, హైదరాబాద్ స్కైకింగ్స్.

స్కైకింగ్స్ హైదరాబాదులో ఆడలేదు. 2012లో జట్లన్నీ శ్రీలంక వెళ్లి, కొలంబోలోని సుగతదాస స్టేడియంలో ఆడాయి. ఆ ఆటలను చిత్రీకరించి తరవాత టెన్ స్పోర్ట్స్‌లో చూపించారు. పుణె గెలిచింది. రగ్బీ, కబడ్డీ, పరుగుపందాల నుంచి తెచ్చిన కుర్రాళ్లు వాళ్లు. ఆ బంతిని అంతకుముందు చేత్తో పట్టి ఎరగనివాళ్లే ఎక్కువ. తలకు శిరస్త్రాణం, భుజాలకు కవచం, చొక్కామీద హైదరాబాదు పేరు, చుట్టూ సింహళం మాట్లాడే ఊరు. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అని నవ్వేయడం తేలిక. నాకు నవ్వు రాదు. అమెరికాలో చిన్న లీగుకు కనీసం పైన ఒక పెద్ద లీగుంది, వందమందిలో ఒక్కణ్ణయినా పైకి నాటుకునే పొలం ఉంది. స్కైకింగ్స్ కుర్రాడికి పైన ఏమీ లేదు. పొలం లేని నారుమడి అది. అతను ఎంత బాగా ఆడినా ఎక్కడికి పోతాడు? పోనీ ఊళ్లో పేరు వస్తుందా అంటే ఊళ్లో ఎవరూ చూడలేదు. పెట్టుబడిదారులు లెక్కపెట్టినది దేశంలోని టెలివిజను పెట్టెలను. మైదానం చుట్టూ చేరే ఊరు ఆ లెక్కలో లేదు. డిక్సన్ పద్దులో కనీసం చుట్టుపక్కల కాలేజీల పిల్లలు, వాళ్లను చూడవచ్చే బంధువులు ఒక వరుసగా ఉన్నారు.

ఈ ఆట హైదరాబాదుకు వస్తే ఏ దారిన వస్తుందన్నదానికి ఇప్పుడొక చిన్న ఆనవాలు కనిపిస్తోంది. 2028లో లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో ఫ్లాగ్ ఫుట్‌బాల్‌ను చేర్చారు. జట్టుకు ఐదుగురు, ఆడవాళ్లకూ మగవాళ్లకూ వేరువేరు పోటీలు. పడదోయడం లేదు, శిరస్త్రాణం లేదు. నడుముకు కట్టిన పటకా నుంచి గుడ్డపేలిక లాగేస్తే ఆటగాడు ఆగిపోవాలి. యాభై గజాల పొడవు, పాతిక గజాల వెడల్పు నేల చాలు, అటూ ఇటూ పదేసి గజాలు వదులుకుంటే సరి. కాటేదాన్ వైపు గోదాముల వెనక అంత జాగా ఇంకా అక్కడక్కడా ఉంది. ప్రస్తుతానికి అందులో పిల్లలు ఆడేది క్రికెట్టే. అన్నట్టు, ఆ ఒలింపిక్స్‌లో క్రికెట్ కూడా ఉంది, 1900 తరవాత మొదటిసారి.